వాకిట్లో ఎడమచేతి ముగ్గు

దెయ్యాలంటే భయం లేదని గొప్పగా చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. లేనిదానికి భయపడకపోవడంలో గొప్పేముంది? నేను దెయ్యాలను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. కిందటి ఆషాఢంలో మా వాకిట్లో జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివాక మీకేదైనా తోస్తే నాకూ చెప్పండి.

నేను పుదుచ్చేరిలో ఒక బడిలో సైన్సు టీచర్ని. పుట్టింది నెల్లూరు వైపు, పెళ్లయి ఈ ఊరొచ్చాను. అత్తవాళ్లు తరతరాలుగా ఇక్కడే ఉన్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదవడం, రాయడం ఎవరికీ రాదు. అందుకని ఇది రాసే పని నా మీద పడింది. రాసిందంతా అత్తకు చదివి వినిపించాను. రెండు చోట్ల తిట్టింది, మిగతాది సరిగానే ఉందంది.

మేముండేది ముదలియార్‌పేటలో, అద్దెకు, కింద పోర్షన్. తలుపు తీస్తే రెండు మెట్లు, మెట్ల పక్కన చిన్న అరుగు, ఆ వెంటనే సందు. మా ఆయన తట్టాంచావడిలో లేత్ వర్క్‌షాపు నడుపుతాడు. ఇంట్లో మేమిద్దరం, అత్త. మేడమీద ఓనరమ్మ.

అత్తకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ముగ్గు నా వంతయింది. నా ముగ్గు గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. బడికి టైమవుతుంటే కొట్లో కొన్న రాతిపిండి తీసుకుని నాలుగు గీతలు గీసి లోపలికి పరిగెత్తేదాన్ని. దాన్ని చూసి అత్త రోజూ ఒక నిట్టూర్పు విడిచేది.

ఒకరోజు తెల్లవారుతూ చీపురు, బకెట్టు పట్టుకుని తలుపు తీశాను. సందంతా ఇంకా బూడిద రంగులో ఉంది. సముద్రం మీది గాలి తడితడిగా తగులుతోంది. వాకిలి అప్పటికే చిమ్మి, నీళ్లు చల్లి ఉంది. తడి నేల మీద చుక్కల చుట్టూ ఒకే గీత మెలికలు తిరుగుతూ పోయి మొదలైన చోటికే వచ్చి కలిసింది. ఎంత బాగుందంటే, బకెట్టు చేతిలోనే ఉంచుకుని నిద్రమత్తులో దాన్నే చూస్తూ నిలబడిపోయాను. అత్తకు మోకాళ్లు నయమయ్యాయి కాబోలు అనుకున్నాను.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నేను అత్త వేసిందనుకున్నాను. అత్త నేను వేశాననుకుంది. కాఫీ కలుపుతూ అత్తే మాట ఎత్తింది. ముగ్గును ఆమె కోలం అంటుంది.

"ఏమ్మే, కోలం బాగా నేర్చుకుంటివే. ఎవురు నేర్పించినారు?"

"నేనా? మీరు కదా అత్తా వేస్తున్నది?"

గ్లాసులోంచి గ్లాసులోకి పోస్తున్న కాఫీ సగంలో ఆగింది. అత్త ముఖంలో రంగు మారడం నేను చూశాను. ఆ భయం ఎందుకో నాకు తెలుసు.

అంతకు కొన్నాళ్ల ముందు అత్త పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. రెండోసారి గిన్నె మాడి ఇల్లంతా పొగ. మా ఆయన హడలిపోయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఏ పనైనా చేసి, చేసినట్టు గుర్తులేకపోవడం ఉందేమో కనిపెట్టి చూడమని, నెల తర్వాత మళ్లీ రమ్మని డాక్టరు చెప్పాడు. ఉందని తేలితే గ్యాసు పొయ్యి జోలికి పోనివ్వకూడదని, ఒంటరిగా బస్సెక్కనివ్వకూడదని మా ఆయన అప్పుడే నిర్ణయించేశాడు. వంటగది, అరియాంకుప్పం బస్సు తప్ప అత్తకు వేరే లోకం లేదు. అరియాంకుప్పంలో ఉన్నది ఆమె చెల్లెలి ఇల్లు.

ఆ చెల్లెలు వేదవల్లి చిన్నత్త అంతకుముందు వానాకాలంలోనే పోయింది.

ఆ పొద్దున అత్త కాఫీ పక్కన పెట్టి, నా భుజం పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది. ముగ్గును చాలాసేపు చూసింది. ప్రతి చిటికెడు పిండీ వదలడం మొదలుపెట్టిన చోట గీత లావుగా, చివరకు సన్నగా ఉంటుందట. మనం కుడిచేత్తో ఎడమ నుంచి కుడికి లాగుతాం. ఈ ముగ్గులో లావంతా కుడివైపే ఉంది.

"ఇది ఎడం చేతి కోలం," అంది అత్త. "మా వేదాది."

చిన్నత్తది పుట్టుకతో ఎడమచేతి వాటం. ఎడమచేత్తో ముగ్గేస్తే ఇంటికి అరిష్టమని వాళ్ల అవ్వ చేతి మీద కొట్టేదట. ఆ పిల్ల మానలేదు. అందరికంటే ముందు లేచి, ఎవరూ చూడకుండా వేసేసి వచ్చి పడుకునేది. అక్క అరుగు మీద కూర్చుని కాపలా కాసేది. ఊళ్లోవాళ్లంతా ఆ ముగ్గుల్ని అక్కవే అని మెచ్చుకుంటుంటే ఇద్దరూ దుప్పట్లో నవ్వుకునేవాళ్లట.

నేను ఆ మాటను పక్కన పెట్టాను. అత్త కూడా పెట్టింది. ఆమెకు కావలసింది వేరే.

"నువ్వు ఇస్కూల్లో పిల్లకాయలకు చెప్తావు గదా, ఏది నిజమో ఎట్ల కనుక్కునేదని. నువ్వే కనుక్కో. దెయ్యమైతే నాకేం పరవాలేదు. నేనే వేసి నేనే మర్చిపోతా ఉండానంటేనే నాకు బయం."

 కనుక్కుంటానని మాటిచ్చాను.

ఎనిమిదో తరగతికి నేను చెప్పే మొదటి పాఠం ఇదే. ప్రశ్న వేసుకోండి, ఒక ఊహ చెప్పండి. ఆ ఊహ తప్పయితే ఎలా బయటపడుతుందో ముందే చెప్పండి, ఆ తర్వాతే పరీక్షకు దిగండి. పిల్లలు ఆ మూడోదాన్ని ఎప్పుడూ వదిలేస్తారు. తప్పని తేలే దారే లేని ఊహతో మనకు పనిలేదని అరిచి అరిచి చెబుతాను. మనకు ఒక జవాబు కావాలని ఉన్నప్పుడు రెండింతలు జాగ్రత్తగా ఉండాలని కూడా చెబుతాను. అత్త కాదని తేలాలని నాకు ఎంత ఉందో నాకే తెలుసు. కాబట్టి అత్తే వేస్తోందన్న ఊహతోనే మొదలుపెట్టాను.

మొదటి ఆధారం చీమలు తెచ్చాయి. ఎండ ఎక్కేసరికి గీతల వెంట చీమలు బారులు కట్టాయి. నేను కొనే రాతిపిండిని చీమ వాసన కూడా చూడదు. అంటే ఇది బియ్యప్పిండి. మా సందులో బియ్యప్పిండితో ముగ్గేసేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. బియ్యప్పిండి మా వంటింటి డబ్బాలో మాత్రం ఉంది.

ఎవరికీ చెప్పకుండా ఆ డబ్బాలో పసుపు కలిపాను. మర్నాటి ముగ్గు మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఆ పిండి మా డబ్బాలోది కాదన్నమాట. నేను సంతోషపడబోయాను. మా ఆయన ఆపాడు. అమ్మ వేరే పిండి కొని ఎక్కడైనా దాచిందేమో నీకెలా తెలుసన్నాడు. ఇల్లంతా వెతికాను, దొరకలేదు. దొరకకపోయినంత మాత్రాన లేదని కాదు కదా.

తర్వాత కిటికీలో ఫోను పెట్టి వీడియో తీశాం. ముందు ఆ పని చేయకుండా చీమల వెనక పడ్డావేమిటని మీరు నవ్వచ్చు. ఫోను పెట్టిన రోజు ముగ్గు రాలేదు. పాల స్కూటరు, ఒక కుక్క, మెల్లగా తెల్లబడుతున్న సందు, అంతే. మళ్లీ పెట్టాం, మళ్లీ రాలేదు. తీసేసిన మర్నాడు వచ్చింది.

"ఎవురన్నా చూస్తా ఉంటే అది యాడ వేస్తాది?" అంది అత్త.

ఇలాంటి సాకులకే నాకు ఒళ్లు మండుతుంది. చూస్తే రాదు, చూడకపోతే వస్తుంది అంటే ఇక ఏ పరీక్షకు దొరుకుతుంది? మా ఆయన ఇంకో మాటన్నాడు, అది సూటిగా తగిలింది. ఫోను పెట్టిన సంగతి మనింట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు, వేసేది బయటివాళ్లయితే ఆ రెండు రోజులే ఎందుకు మానేస్తారు అన్నాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అత్త వింటూనే ఉంది. ఆ సాయంత్రం తనే వంటింట్లోంచి బయటికొచ్చి, పొయ్యి నువ్వే చూసుకోమంది. అన్నం కూడా సరిగా తినలేదు.

నాకు చాలా బాధేసింది. నేను చేసిన పరీక్ష ప్రతి ఒక్కటీ ఆమెను ఒక్కో మెట్టు దింపినట్టయింది.

డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం, ఆషాఢాన్ని ఇక్కడ ఆడినెల అంటారు, ఆ ఆడినెల గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే, ఇద్దరం చెరో చాప మీద పడుకుని ఉన్నాం. నిద్రపోయిందనుకున్న అత్త కళ్లు తెరవకుండానే అడిగింది.

"అందుర్నీ పరీక్ష చేస్తివి. నిన్ను నువ్వు చేసుకుంటివా?"

"నన్నా?"

"నిద్దర్లో నువ్వే పోయి వేస్తా ఉంటే? గురివింద గింజకు దాని నలుపు తెలీదంట."

లేచి కూర్చున్నాను. నిజమే, ఒక్కసారైనా ఆ ఆలోచన నాకు రాలేదు. ఎన్ని ఏళ్లుగా పాఠం చెబుతున్నాను! ఎవరినీ వదలకూడదు. కళ్లతో చూడకూడదు, చూస్తే అది రావడం లేదు. చేతుల మీద కాపలా పెట్టాలి. ఆషాఢం కదా, ఆ ఆలోచన దానంతట అదే వచ్చింది. గోరింటాకు.

వేళ్ల చివర గోరింటాకు టోపీలు పెట్టుకుని పడుకున్నవాళ్లకు తెలుసు, చెంబు కూడా పట్టుకోలేం. చిటికెడు పిండి తీసి సన్నగా వదలాలంటే బొటనవేలు, చూపుడువేలు కలవాల్సిందే. కలిస్తే టోపీ పగిలిపోతుంది. తెల్లారి టోపీలు చెక్కుచెదరకుండా ఉంటే ఆ చేయి ముగ్గు వేయలేదు. ఇంతకంటే మంచి సీలు ఏ ల్యాబులోనూ దొరకదు.

ఓనరమ్మ తొట్లో పెంచుకున్న గోరింటాకు కోసుకొచ్చి అత్త చింతపండు వేసి తనే నూరింది. ఇల్లంతా పచ్చి ఆకు వాసన. సాయంత్రం నుంచే అందరం కూర్చున్నాం. వర్క్‌షాపులో నవ్విపోతారని మా ఆయన గింజుకున్నాడు. "మీసాలకు పెట్టలేదు, ఊరుకోరా" అని అత్త అతని పది వేళ్లకూ పెట్టేసింది. తర్వాత నా ఎడమచేతికి పెట్టింది. నేను కుడిచేత్తో అత్త రెండు చేతులకూ పెట్టాను. ఇంక నా కుడిచేయి మిగిలిపోయింది. పరీక్ష పెట్టేవాళ్ల చేయే ఖాళీగా ఉండకూడదు కదా. కూతురింటికి కడలూరు బస్సెక్కబోతున్న ఓనరమ్మను పిలిచాం. ఆమె సంచి మెట్ల మీద పెట్టి, ఏం సరదా ఇదంతా అని తమిళంలో ఆశ్చర్యపోతూ నా వేళ్లకు పెట్టి వెళ్లింది.

గిన్నెలో నిమ్మకాయంత ముద్ద మిగిలింది. నా చేతికి పెట్టడం అయిందో లేదో అత్త తన రెండు అరచేతుల మధ్య గిన్నెను ఇరికించుకుని అరుగు దగ్గరికి పోయింది. అక్కడున్న బాదం ఆకు మీద ముద్దను వంచి వచ్చింది. ఇదేంటి అత్తా అన్నాను.

"ఒక్కురు కూడా మిగలకూడదంటివి గదా. చిన్నప్పుడు మా వేదాకు నేనే పెడతా ఉన్నె. ఇప్పుడు నా చేతులు కట్టేస్తివి. అదే పెట్టుకుంటుందిలే."

నేను నవ్వలేదు, మా ఆయనా నవ్వలేదు. చేతులకు పాత గుడ్డలు చుట్టుకుని, ముగ్గురం గాల్లోకి చేతులెత్తినట్టు పెట్టుకుని పడుకున్నాం.

తెల్లవారుజామున మెలకువ వచ్చింది. గాలి ఆగిపోయి ఉంది. కిటికీలోంచి వస్తున్న వెలుతురు నీళ్లలోంచి వస్తున్నట్టు కదులుతూ ఉంది. నేను లేచానో, లేచినట్టు కలగంటున్నానో కాసేపు తెలియలేదు. పక్కన అత్త కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉంది. ముందు చేతులు చూద్దామన్నాను. అదే పద్ధతి, ఫలితం చూశాక చేతులు చూస్తే మన కళ్లు మనల్నే మోసం చేస్తాయి.

పళ్లతో గుడ్డలు విప్పుకున్నాం. అత్త పది వేళ్లకూ టోపీలు ఎండి, నెర్రెలిచ్చి, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నావీ అంతే. మా ఆయన చిటికెనవేలిది ఊడి, విప్పిన గుడ్డ మడతలో దొరికింది. చిటికెనవేలితో ఎవరూ ముగ్గేయరు.

మా ఆయన మోచేత్తో గడియ తోశాడు.

ముగ్గు ఉంది.

అంతకుముందు వచ్చిన వాటన్నిటికంటే పెద్దది. మెట్ల దగ్గర మొదలై సందులోకి పాకింది. గీతలు తెల్లగా, లావు కుడివైపున.  సందు చివర ఎక్కడో ఒక తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

అత్త మెట్టు మీద కూలబడింది. ఏడుస్తోంది. చెల్లెలి కోసం కాదు. రెండు చేతులూ కొడుకు ముఖం ముందుకు చాచింది.

"చూడరా. బాగా చూడు. నేను కాదు. నా తలకాయ బాగనే ఉండాది."

మా ఆయన కూడా ఏడ్చాడు. టోపీలు పెట్టిన వేళ్లతో కళ్లు తుడుచుకోలేక భుజానికి రాసుకున్నాడు. నాకు ఎంత సంతోషమైందంటే, దెయ్యమో ఏదో వాకిట్లో ముగ్గేసి పోయిందన్న సంగతి ఆ క్షణంలో నాకు పట్టనే లేదు.

అప్పుడు అత్త కిందికి వంగింది.

"చుక్కలు చూడు," అంది.

చుక్కలు తెల్లగా లేవు. ప్రతి చుక్కలోనూ లేతగా నారింజ రంగు ఉంది. గోరింటాకు రసంతో తడిసిన వేళ్లతో పిండిని నేలకు అద్దితే ఎలా ఉంటుందో అలా ఉంది. అరుగు మీద బాదం ఆకు ఉంది. అత్త వంచినప్పుడు ముద్ద నున్నగా గుండ్రంగా ఉంది. ఇప్పుడు దానిలో ఒకవైపు సొట్టలు పడి ఉన్నాయి, సన్నటి వేళ్లతో గిల్లి తీసుకున్నట్టు.

చేతులు కడుక్కుని ఫోను తెచ్చేసరికి గాలి మళ్లీ లేచింది. ఆడి గాలికి రోలు కూడా ఎగిరిపోతుందని ఇక్కడ సామెత, ఇక పిండి ఎంత? ఫొటో తీశాను. తెల్లటి మరకలు కనిపిస్తాయి, రంగు కనిపించదు. కాబట్టి ఆ రంగుకు మా ముగ్గురి కళ్లు తప్ప వేరే సాక్ష్యం లేదు. అది చాలా బలహీనమైన సాక్ష్యమని నేనే ఒప్పుకుంటాను.

తర్వాత డాక్టరు అత్తను చాలాసేపు ప్రశ్నలు అడిగాడు, బొమ్మలు గీయించాడు, రక్తం పరీక్ష చేయించాడు. ఇది వయసుకు తగ్గ మరుపేనని, రక్తంలో ఏదో తక్కువైందని బలానికి మాత్రలిచ్చాడు. ముగ్గు సంగతి మేము చెప్పలేదు. ఇంటికి రాగానే అత్త పొయ్యి వెలిగించి మిరియాల రసం పెట్టింది. మా ఆయన ఎర్రటి గోళ్లతో రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. బస్సు మాట మళ్లీ ఎత్తలేదు.

నేను మాత్రం ఊరుకోలేదు. సందులో ఇంటింటికీ వెళ్లి అడిగాను. ఎడమచేతి వాటం వాళ్లున్నారా, గోరింటాకు పెట్టుకున్నవాళ్లున్నారా అని అందరి చేతులూ చూశాను. నన్ను చూసి నవ్వుకున్నారు. ముద్దను ఉడతో కాకో గిల్లి ఉండొచ్చు. తడి నేల మీది ఎర్రమట్టి చుక్కల్లోకి ఊరి ఉండొచ్చు. ఏ ఊహనైనా పరీక్షించాలంటే ముగ్గు మళ్లీ రావాలి.

మళ్లీ రాలేదు. ఆ రోజే చివరిది.

ఒక్కసారి జరిగినదాన్ని నిజమని అనకూడదు, మళ్లీ మళ్లీ జరగాలని పిల్లలకు చెబుతాను కదా. అందుకని చాలాకాలం తెల్లవారుజామునే లేచి తలుపు తీసేదాన్ని. మళ్లీ గోరింటాకు నూరించి, ముగ్గురి వేళ్లకూ పెట్టించి, అరుగు మీద ముద్ద కూడా ఉంచాను. వాకిలి ఖాళీగా, తడిగా, బూడిద రంగులో ఉండేది. ఒకరోజు అలా నిలబడి ఉంటే అత్త కాఫీ గ్లాసుతో వెనక వచ్చింది.

"ఇంకా ఏంది చూస్తా ఉండావు?"

"ఇంకొక్కసారి వస్తే చాలత్తా. ఒక్కసారితో రుజువు కాదు."

అత్త గ్లాసు నా చేతికిచ్చి అరుగు మీద కూర్చుంది. చిన్నప్పుడు కాపలాకు కూర్చున్నట్టే మోకాళ్లు దగ్గరికి తీసుకుని సందు చివరిదాకా చూసింది.

"నువ్వు అడిగితివి. అది వచ్చి చెప్పిపోయె, వేసింది నేను కాదని. ఇంకెన్ని తూర్లు చెప్పాల దానికి?"